మడి దండెం మీద ఆకుపచ్చ చీర

మొన్న ఆబిడ్స్‌లో చీరల దుకాణంలో కూర్చుని ఉంటే, బుద్ధి ఎదగని ఒక వయసు పిల్ల తనకు ఎర్ర ఓణీయే కావాలని వాళ్లమ్మతో పేచీ పెట్టుకుంది. దుకాణదారు విసుక్కోకుండా ఉన్న ఎరుపులన్నీ ఆమె ముందు పరిచాడు, చుట్టూ ఉన్నవాళ్లెవరూ తలతిప్పి కూడా చూడలేదు. నేను మాత్రం నివ్వెరపోయి చూస్తూ ఉండిపోయాను, మా చిన్నమ్మ గుర్తొచ్చి.

అరవైల్లో మేము నాంపల్లి స్టేషన్ వెనక కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం, నేను హైస్కూల్లో ఉన్నాను. అమ్మకు ఒక చెల్లెలుందన్న సంగతే నాకు అప్పటిదాకా తెలియదు. ఒకనాడు అమ్మ, పొట్టిగా కత్తిరించిన జుట్టు అప్పుడే నెరిసిపోయిన ఒకావిడను చెయ్యి పట్టుకుని రిక్షాలోంచి దింపి, ఈమె మీ చిన్నమ్మ అంది. బుద్ధి పసిపిల్లలాగే ఉండిపోయిందని తాతయ్య ఆమెను చిన్నప్పుడే పిచ్చి దవాఖానలో చేర్పించి, అడిగినవాళ్లకు చనిపోయిందని చెప్పాడట. ఇది జబ్బే కాదు, మందులతో పనిలేదు, ఇంటి మనుషుల మధ్య ఉంటే బాగుంటుందని కొత్తగా వచ్చిన డాక్టరు అమ్మకు కబురు పెట్టాడట. బతికున్న మనిషిని పోయిందని ఎలా చెప్పగలిగారా అని ఆ పూట నాకు అన్నం సయించలేదు.

చిన్నమ్మ నోరు విప్పేది కాదు. తలుపు తెరిచే ఉన్నా ఎవరో ఒకరు రమ్మనేదాకా గడప దగ్గరే నిలబడేది. వాటికి అలవాటు పడ్డాం గాని, ఒక పొద్దున జరిగినదానికి ఇంటిల్లిపాదీ కొయ్యబారిపోయాం. నాయనమ్మ మడి చీరను ఎత్తైన దండెం మీద కర్రతో ఆరేసి కర్రతోనే తీసుకునేది, తగులుతుందేమోనని నాన్న కూడా దాని కింద ఒంగి నడిచేవాడు. చిన్నమ్మ స్నానం చేసి వచ్చి ఆ చీరనే లాగి చుట్టుకుంది. పెళ్లీ పేరంటం ఎరగని మనిషి వితంతువు తెల్లచీరలో కనబడేసరికి అమ్మ ఏడ్చేసింది. నాయనమ్మ మాత్రం, రేపే ఈమెను దవాఖానలో దింపి రండి, లేకపోతే నేనే వెళ్లిపోతానని తేల్చేసింది.

అమ్మ అత్తగారికి ఎదురు చెప్పడం అదే మొదటిసారి విన్నాను. "అత్తమ్మా, గా దవాఖానల ఎవరి బట్ట వాళ్లకు ఉండదు. తానం కాంగనే కుప్పలకెళ్లి ఏది తీసిస్తె గదే కట్టుకోవాలె. నాది, నీది అని దానికెట్ల తెలుస్తది?"

ఆ సాయంత్రమే అమ్మ చిన్నమ్మనూ నన్నూ ఆబిడ్స్‌లో చీరల దుకాణానికి తీసుకెళ్లింది. ఏది కావాలో చూపించమంటే చిన్నమ్మ, ఏదో ఒకటి పడేస్తారని చేతులు చాపి నిలబడింది. ఎంతోసేపటికి ఒక ఆకుపచ్చ నేతచీర అంచును వేలితో తాకింది, అదే కొన్నాం.

మర్నాడు నాన్న తల్లి మాట కాదనలేక రిక్షా పిలిచాడు. సంచిలో సర్దుదామని నేను ఆ చీర తీసుకోబోతే చిన్నమ్మ లాక్కుని గుండెకు హత్తుకుంది. "నాది" అంది. ఆమె నోట మేము విన్న మొదటి మాట అది. నాయనమ్మ వెళ్లి మడికర్ర తెచ్చి, చీరను దాని కొసకు తగిలించమని సైగ చేసింది. ఇంకెవరి చెయ్యీ అందకుండా తన చీర పక్కనే ఎత్తైన దండెం మీద వేసింది. రిక్షాను పంపెయ్యమని నాన్నతో చెప్పింది.

చిన్నమ్మ చివరిదాకా మాతోనే ఉంది. ఇప్పుడు మా ఇంట్లో మడీ లేదు, దండెమూ లేదు. దుకాణంలో ఆ పిల్ల ఎర్ర ఓణీ సంచిని వాళ్లమ్మకు కూడా ఇవ్వకుండా తనే పట్టుకుపోతుంటే నాకు సంతోషమే కలిగింది. అంతలోనే, ఇంటినుంచి ఏ రిక్షా రాక, దవాఖానలో ఆ బట్టల కుప్ప ముందు చేతులు చాపి అక్కడే ముసలివాళ్లయిపోయిన మిగతా ఆడవాళ్లు తలపుకొచ్చారు. నేను కొందామనుకున్న చీర కొనకుండానే లేచి వచ్చేశాను.