లూనా మాత్ మీద ఒక గీత

నా చిన్నప్పుడు కెనడాలోని గ్వెల్ఫ్‌లో మా పక్కింటి ఆంటీ హాస్పిటల్లో నైట్ డ్యూటీ ముగించుకుని వచ్చాక ముందు ఇంట్లోకి వెళ్ళేవారు కాదు. తెల్లబూట్లతోనే నేరుగా పెరట్లోకి నడిచి, అక్కడున్న చెక్కపెట్టె ముందు గడ్డిలో చతికిలబడేవారు. పెట్టె మీద ఒక బల్బు, బల్బు కింద గరాటు, లోపల కోడిగుడ్ల అట్టలు. రాత్రి వెలుతురుకు వచ్చిన పురుగులు గరాటులోంచి జారి ఆ అట్టల గుంటల్లో ముడుచుకుని పడుకునేవి. ఆంటీ ఒక్కో అట్టా తిప్పి చూసి, ఏవి ఎన్ని వచ్చాయో పుస్తకంలో రాసి, అన్నిటినీ లైలాక్ పొద కింద నీడలో వదిలేసేవారు. ఆ తర్వాతే ఆవిడకు టీ అయినా, నిద్ర అయినా.

ఆంటీ వాటిని మాత్‌లు అనేవారు. మా అమ్మకు అవన్నీ దీపం పురుగులే. ఇంత చదువు చదివి, ఇంత దూరం వచ్చి, పొద్దున్నే పురుగుల్ని లెక్కపెట్టుకోవడం ఏమిటో అమ్మకు ఎంత ఆలోచించినా అంతుపట్టేది కాదు. ఆంటీది గుంటూరు వైపు. నర్సుగా మొదట ఇంగ్లండు వెళ్ళి, అక్కడొక పల్లెటూళ్ళో ఓ పెద్దావిడ ఇంట్లో అద్దెకున్నారట. ఆ ఇంటావిడ వేసవి పొడుగునా రోజూ పురుగుల లెక్క రాసేదట. ఆదివారమైనా సరే, పెట్టె తెరిచి చూశాకే చర్చికి వెళ్ళేదట. కెనడాకు వచ్చేటప్పుడు ఆంటీ ఆ అలవాటునూ, అక్కడ రాసిన పుస్తకాన్నీ వెంట తెచ్చుకున్నారు.

నాకప్పుడు పదేళ్ళు. ఎక్కాలు ఎంత బట్టీపట్టినా బుర్రకెక్కనిదాన్ని, పురుగుల పేర్లు మాత్రం ఒక్కసారి వింటే మర్చిపోయేదాన్ని కాదు. నా కోరికల్లా లూనా మాత్‌ను చూడాలని. లేత ఆకుపచ్చ రంగు, అరచేయంత రెక్కలు, వెనక రెండు పొడుగాటి తోకలు. ఇన్నేళ్ళలో ఆ పెట్టెలోకి అది రెండుసార్లే వచ్చిందని ఆంటీ చెప్పారు. రోజూ చివరి అట్ట తిప్పేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. ఎప్పుడూ బూడిదరంగువే.

ఆ జూలైలో ఆంటీకి ఆపరేషన్ అవసరమై పది రోజులు లండన్‌లో, అంటే మన ఒంటారియోలోని లండన్‌లో, హాస్పిటల్లో ఉండాల్సి వచ్చింది. వెళ్ళేముందు పుస్తకం నా చేతిలో పెట్టారు. ఎనిమిదేళ్ళుగా ఏ వేసవిలోనూ ఒక్కరోజు ఖాళీ లేదనీ, ఏటా చలికాలంలో ఆ లెక్కలన్నీ యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్ గారు అడిగి తీసుకుంటారనీ చెప్పారు. సాయంత్రం బల్బు వెయ్యాలి, పొద్దున ఎండ తగలకముందే పెట్టె తెరవాలి, పెన్నుతోనే రాయాలి. నన్ను అంతగా నమ్మినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. మా అమ్మ నాకు పాలగిన్నె కూడా ఇచ్చేది కాదు.

ఆరు రోజులు బుద్ధిగా చేశాను. ఏడోరోజుకు ఇండియా నుంచి మా మామయ్యావాళ్ళు దిగారు. ఒంటారియోలో తెలుగువాళ్ళింటికి చుట్టాలొస్తే ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. జెట్ లాగ్ తీరకముందే వాళ్ళను నయాగరాకు తోలుకెళ్ళాలి. ఎండెక్కకముందే బయల్దేరాలని నాన్న అందర్నీ చీకట్లోనే లేపి కారెక్కించారు. పులిహోర గిన్నె నా ఒళ్ళో పెట్టారు. సగం నిద్రలో ఉన్న నాకు పెట్టె గుర్తుకొచ్చేసరికి మేం జలపాతం ముందు ప్లాస్టిక్ కోట్లు వేసుకుని నిలబడి ఉన్నాం. అందరి మొహాలూ తడిసే ఉన్నాయి కాబట్టి నేను ఏడుస్తున్నట్టు ఎవరికీ తెలియలేదు.

తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. ఆ రోజంతా మండుటెండ. పెట్టె దగ్గరికి పరుగెత్తి మూత తీశాను. ఏ అట్ట తిప్పినా చచ్చినవే. వేలు తగిలితే రాలిపోతున్నాయి. అన్నిటినీ లైలాక్ పొద కిందికి దులిపి పైన ఆకులు కప్పాను. ముందురోజు లెక్కల్లో రెండు పెంచి, మూడు తగ్గించి ఆ రోజు పేజీలో వేశాను. అంతటితో ఆగినా బాగుండేది. అబద్ధం ఎలాగూ ఆడుతున్నప్పుడు కాస్త అందమైనదే ఆడదామనిపించిందో ఏమో, చివర్న ఒక లూనా మాత్ కూడా రాసేశాను.

ఆంటీ ఇంటికొచ్చిన రోజు అమ్మ చారు, అన్నం పట్టుకుని వెళ్ళింది. పుస్తకం పట్టుకుని నేనూ వెళ్ళాను. అమ్మ కూర్చుంటూనే నయాగరా కబుర్లు మొదలెట్టింది. ఆదివారం పొద్దు పొడవకముందే బయల్దేరి దీపాలు పెట్టే వేళకు వచ్చామని ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఆంటీ వింటూనే పుస్తకం తిప్పుతున్నారు. ఆదివారం పేజీ దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. ఇక ఈ జన్మలో ఆ పెట్టె ముట్టుకోనివ్వరనుకున్నాను.

అమ్మ వెళ్ళేదాకా ఆంటీ ఆగారు. తర్వాత లేచి, బీరువాలోంచి ఇంగ్లండు పుస్తకం తీసి, ఒక పేజీ తెరిచి నా ముందు పెట్టారు. అట్టడుగున రెండు వరుసల మీద వేలుంచారు.

"నా కళ్ళజోడు కనపడట్లేదమ్మా. ఇది కాస్త చదివి పెడతావా?"

కళ్ళజోడు ఆవిడ మెడలోనే గొలుసుకు వేలాడుతోంది. ఆ మాట అనే ధైర్యం నాకెక్కడిది? పైకి చదివాను. ఇంగ్లీషులో ఉన్న ఆ మాటలు ఇవి: ఈరోజు పెట్టె తెరవలేదు. నిద్రపోయాను. లోపలివి చచ్చిపోయాయి. తప్పు నాది.

చదవడం అయ్యేసరికి నేను వెక్కుతున్నాను. ఈ పేజీ చింపేసి మళ్ళీ రాస్తానని బతిమాలాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"చింపకూడదు తల్లీ. హాస్పిటల్లో చార్ట్ తప్పు రాస్తే మేం చెరపం. ఒకటే గీత కొడతాం, కింద ఏముందో కనపడేలాగా. పక్కన సంతకం పెడతాం. ఏమీ రాకపోతే సున్నా రాయి. చూడకపోతే చూళ్ళేదని రాయి. ఆ రెండూ వేరు."

గీత కొట్టాను. లూనా మాత్ మీద కొట్టేటప్పుడు చెయ్యి సాగలేదు. నిజం రాసి సంతకం పెట్టాను. సాక్షిగా ఆంటీ నా సంతకం పక్కన తన సంతకం పెట్టారు. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నా, నా భుజం పట్టుకుని పెరట్లోకొచ్చి ఆకులు తొలగించమన్నారు. చీమలు వదిలేసిన రెక్కల్ని ఏరి, పోల్చగలిగినవి పదకొండు అని తేల్చాం. చచ్చినవి పదకొండు అని అదే పేజీలో రాశాం. లోపలికి వెళ్తూ, రేపు పొద్దున తొందరగా రమ్మన్నారు, పెట్టె నేనే తెరవాలట. వంగలేని మనిషి కాబట్టి అలా అన్నారని ఆ రోజు అనుకున్నాను. ఆవిడ చక్కగా వంగగలిగిన తర్వాత కూడా ఆరు వేసవులు ఆ పెట్టె నేనే తెరిచాను.

ఆంటీ పోయాక ఆ పుస్తకాలన్నీ నా దగ్గరికే వచ్చాయి. ఒకరోజు ఇంగ్లండు పుస్తకంలో ఆ పేజీ వెతికాను. చిన్నప్పుడు నేను చదివింది అడుగున ఉన్న రెండు వరుసలే. పైన ఏముందో చూసే స్థితిలో నేను లేను. పైన నిండా అంకెలు, అన్నిటి మీదా ఒకే గీత. ఆఖర్న, అదే గీత కింద, వీపు మీద పుర్రె బొమ్మ ఉండే పెద్ద మాత్ ఒకటి. ఇంగ్లండులో అదంత సులువుగా దొరికేది కాదు. పక్కన ఆంటీ సంతకం, దాని పక్కన వణుకుతున్న అక్షరాల్లో ఇంకొక సంతకం, ఆ ఇంటావిడది. ఆంటీకి అప్పుడు ఇరవై రెండేళ్ళు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నవ్వాను, ఏడ్చాను కూడా. నన్ను తిట్టడానికి ఆవిడకు ఎంత హక్కుందో! ఆ హక్కు వాడకుండా తన తప్పును తెచ్చి నా ముందు పెట్టారు. ఆ మేలు ఇప్పటికీ మర్చిపోలేను.

నేనుండే ఏజాక్స్ ఊళ్ళో మా పెరట్లోనూ ఇప్పుడొక పెట్టె ఉంది. మొన్న జూలైలో ఒకరోజు నాకు మెలకువ రాలేదు. లేచేసరికి ఎండ పెట్టె మీద ఉంది. పెన్ను తీసుకుని ఉన్నది ఉన్నట్టు రాస్తుంటే తొమ్మిదేళ్ళ మా మనవరాలు భుజం మీదుగా చూసింది.

"బట్ అమ్మమ్మా, నోబడీ వుడ్ నో," అంది.

నేను నా సంతకం పెట్టి, పక్కన సాక్షి సంతకం పెట్టమని పెన్ను దాని చేతికిచ్చాను.