నాలుగో స్టేజీ అవతల

ఆదివారం పొద్దున్న. అరసవల్లి రోడ్డంతా సూర్యదేవుడి దర్శనానికి వచ్చిన ఆటోలు. నా రీచార్జి షాపు షట్టరు సగం ఎత్తానో లేదో, అత్త ఫోను. "ఒరే, మీ మావ ఎల్లిపోనాడ్రా. టీ తాగినాడు, గలాసు కింద ఎట్టినాడు, గోడకి సేరబడ్డాడు. అంతే." ఆవిడ ఏడవడం లేదు. వంగి లోపలికి చూస్తే ముందుగా కనబడింది మూలనున్న వీడియో గేము పెట్టె, దాని ముందు ప్లాస్టిక్ కుర్చీ. ఆ కుర్చీ మా మావది.

మావ అంటే మా అమ్మకి తమ్ముడు. కళింగపట్నం పక్కనున్న మా ఊరి నుంచి చిన్నప్పటి నుంచీ తెప్ప మీద చేపల వేటకి వెళ్ళినవాడు. ఒకసారి కెరటం తెప్పను తిరగేసింది. కుడి భుజం దెబ్బతింది. నొప్పి తగ్గింది గానీ ఆ చెయ్యి మళ్ళీ తెడ్డు వెయ్యలేదు. ఆ తర్వాత మనిషి ఇంట్లో కూర్చుని గోడలు చూడడం మొదలుపెట్టాడు. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసేవాడు. "సచ్చినోడికీ నాకూ తేడా ఏటే?" అన్నాడట అత్తతో. ఆవిడ హడలిపోయి, "నీ కొట్లో కూకోబెట్టుకోరా, నాలుగు మొకాలైనా సూస్తాడు" అని నాకు అప్పజెప్పింది. అలా రోజూ పొద్దున్న బస్సులో వచ్చేవాడు.

ఆ పెట్టె సంగతి కూడా చెప్పాలి. విశాఖలో ఎవరో ఆటల దుకాణం ఎత్తేస్తుంటే, నా బుద్ధి గడ్డి తిని కొన్నాను. అప్పటికే కుర్రకారంతా ఫోన్లలో ఆడుకుంటోంది. తెర అడుగున మనదొక చిన్న విమానం. పైనుంచి శత్రువులు గుళ్ళు కురిపిస్తూ వస్తారు. ఒక్క గుండు తగిలినా చావే. నాలుగో స్టేజీ చివర ఒక యుద్ధనౌక వచ్చి తెరంతా గుళ్ళతో నింపేస్తుంది. దాన్ని దాటిన మొనగాడు మా వీధిలో లేడు. డబ్బు పోసి కొన్న నేనూ దాటలేదు. ఆడినవాళ్ళు ఓడిపోయి, పెట్టెని ఒక తన్ను తన్ని వెళ్ళిపోయేవారు.

మావ కొన్నాళ్ళు వెనక నిలబడి చూశాడు. ఒకరోజు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇక చూడాలి నా తిప్పలు. గుండు వస్తుంటే తప్పుకోవాలి కదా, ఈయన దానికే ఎదురెళ్ళేవాడు. తెప్ప నడిపేవాళ్ళ చేతి అలవాటు అది. పెద్ద కెరటం వస్తే తెప్ప మూతి దానికేసి పెట్టి చీల్చుకుని పోవాలి, పక్కకి తిరిగితే బోల్తా. "మావా, పక్కకి తియ్యి, పక్కకి" అని నేను మొత్తుకుంటే, "పక్కకి తీసినోడు బతికినాడేటిరా" అని కసిరేవాడు. కసిరి, నేరుగా వెళ్ళి చచ్చేవాడు.

కానీ పెట్టెని ఏనాడూ తన్నలేదు. "సముద్రం సెప్పి రాదురా. ఇది సెప్పి వస్తాది. నిన్న ఏడ గుండేసినాదో ఇయాల కూడా ఆడే ఏస్తాది. సెప్పి వచ్చినదాన్ని కూడా దాటనేకపోతే మనం ఏటికి?" అనేవాడు. ఆ నౌకని ఒక్కసారి దాటితే తానింకా పనికొచ్చే మనిషేనని ఆయన నమ్మకం. నోటితో అనలేదు గానీ, ఓడిన ప్రతిసారీ ఆ కుడి భుజాన్ని ఒకసారి తడుముకునేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన ఆటలో ఎదురు కాల్చడం మానేసి, ఊరికే గుళ్ళు చూస్తూ చచ్చిపోవడం మొదలుపెట్టాడు. మతి పోయిందేమో అనుకున్నాను. "ఉండరా. ఏటకి దిగేముందు గట్టు మీద నిల్సోని ఏటి సూస్తాం? కెరటం కాదు. కెరటానికీ కెరటానికీ నడుమ సందు. నానే మర్సిపోనాను. గుండుని సూడకూడదు, సందుని సూడాల." ఆ రోజు నుంచి ఆయన విమానం కంగారు పడడం మానేసింది. ఆ వారంలోనే అత్త ఫోను చేసి, "అడిగి మరీ అన్నం తింటన్నాడురా, ఏటుందిరా ఆ పెట్టిలో?" అంది.

దాటిన రోజు బయట చినుకులు. నౌక ముక్కలైంది, తెర తెల్లబడింది, తర్వాత నీలంగా సముద్రం. ఒక్క గుండు లేదు. మావ నోరు తెరుచుకుని చూస్తుండగానే వెనక నుంచి ఇంకో శత్రుదండు వచ్చి విమానాన్ని కూల్చేసింది. ఆయన కడుపుబ్బా నవ్వాడు. "ఇంకా ఉన్నాదిరా అవతల" అన్నాడు. పేరు రాయమని తెర అడిగితే ఇంగ్లీషు రాదు కనక బటన్ నొక్కేశాడు. అందరికంటే పైన 'AAA' అని మూడు అక్షరాలు పడ్డాయి.

ఆ ఏడు తుఫానుకి రోజుల తరబడి కరెంటు లేదు. వచ్చాక చూస్తే పెట్టె స్కోరులన్నీ తుడిచేసుకుంది. నేను దాన్ని తిట్టని తిట్టు లేదు. మావకి చీమ కుట్టినట్టయినా లేదు. "అది మర్సిపోనాది, నాను మర్సిపోనేదు కదా" అని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

దినాలు అయ్యాక అత్త నాతో షాపుకి వచ్చింది. ఆ పెట్టెని ఆవిడ చూడడం అదే మొదలు. "ఏడ దాటినాడో సూపించు" అంది. కుర్చీలో కూర్చుని ఆట మొదలుపెట్టాను. నేనెప్పుడూ దాటినవాడిని కాను. గుళ్ళని చూడలేదు, సందునే చూశాను. ఎలా జరిగిందో తెలియదు, నౌక విరిగింది. నీలం పరుచుకుంది. అత్త పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. ఈలోగా నన్ను కూల్చేశారు.

"లెగు," అంది. మావ కుర్చీలో కూర్చుని, హ్యాండిల్‌ని రెండు చేతులా పట్టుకుంది. గుళ్ళు దిగుతున్నాయి. "అత్తా, పక్కకి తియ్యి" అన్నాను.

"పక్కకి తీసినోడు బతికినాడేటిరా," అంది అత్త తెర మీద నుంచి చూపు తిప్పకుండా. చిన్న విమానం మూతి పైకెత్తుకుని నేరుగా ముందుకు వెళ్తోంది.