సెక్యులర్ మీటింగులో దీపం కుంది

ఆ రోజుల్లో, అంటే అమెరికాలో మోరిస్‌విల్‌లో నేను ఎమ్మెస్ వెలగబెడుతున్న రోజుల్లో, చదువు తప్ప నాకు చేతకాని పనంటూ ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే అంతా తెల్లవారుజాము కలలా ఉంటుంది. మా ఇంటి ఓనర్ అంకుల్ పాకిస్తాన్ నుంచి వచ్చిన సింధీ హిందువు. అక్కడి హిందువులు, క్రైస్తవులు, సిక్కులు కలిసి పెట్టుకున్న చిన్న సెక్యులర్ పార్టీకి ఇక్కడ ఆయనే అధ్యక్షుడు, ఆయనే కార్యకర్త, ఆయనే డ్రైవరు. ఆ పార్టీ తరఫున అక్కడి ఎన్నికల్లో నిలబడబోతున్న మేడమ్ (రిటైరైన టీచరు, క్రైస్తవురాలు) చుట్టపుచూపుగా ఇటు వస్తే, ఒక శనివారం పొద్దున మీటింగ్ పెట్టి ఫోన్‌లో వాళ్ల ఊరికి లైవ్ ఇద్దామనుకున్నారు. ఏర్పాట్లు నావి.

"స్టేజ్ మీద ఏ మతం గుర్తూ వద్దు బేటీ. 'అది ఒక మతం వాళ్ల పార్టీ' అనడానికి గిట్టనివాళ్లు కాచుక్కూర్చున్నారు. ఒక్క వీడియో చాలు, ఆవిడ పోటీ ఖతమ్" అన్నారు అంకుల్. అలాగేనని దేవుడి పటం పెట్టలేదు. అదే సెక్యులర్ అనుకున్నాను. దీపం, ప్రార్థనా గీతం లేకుండా మీటింగ్ మొదలవుతుందని మా తెలుగు బుర్రకి తట్టలేదు మరి.

నేను ఇత్తడి కుంది వెలిగించాను. మా రూమ్మేట్, బందరు పిల్ల, విఘ్నేశ్వరుడి మీద కీర్తన ఎత్తుకుంది. అంకుల్ ముఖం పాలిపోయింది. "బేటీ, లైవ్ నడుస్తోంది" అన్నారు గొణుగుతూ. నా పై ప్రాణాలు పైనే పోయాయి. దీపం ఊదబోతే పాట ఆపేసి రూమ్మేట్ నా చెయ్యి పట్టుకుంది. "నీకేమైనా పిచ్చా? దీపాన్ని నోటితో ఊదుతారటే ఎవరైనా?"

మేడమ్ నెమ్మదిగా లేచారు. హాల్లో లైట్లన్నీ ఆపించి, బ్లైండ్స్ కూడా దించమన్నారు. చీకట్లో ఆ ఒక్క వత్తీ, దాని పక్కన ఆవిడ ముఖం. "మా ఊళ్లో ఇప్పుడు రాత్రి. కరెంటు పోయే ఉంటుంది. చర్చి పక్కింట్లో, గుడి వెనక, మసీదు వీధిలో అందరూ ఇలాగే ఒక దీపం ముందు కూర్చుని ఉంటారు. నేను కరెంటు గురించి మాట్లాడదామనే వచ్చాను" అన్నారు ఉర్దూలో. మా వరంగల్ ఉర్దూకి కూడా ప్రతి మాటా అందింది. నాకు ఏడుపొచ్చింది.

అంకుల్ ఫోన్ చూసి, లైవ్ కింద ఎవరో పెట్టిన కామెంట్ పైకి చదివారు. మసీదు వీధిలో చెప్పుల కొట్టాయనట. "మాకూ పోయింది మేడమ్. చెప్పండి, వింటున్నాం."

ఆవిడ గెలవలేదు. నేనిప్పుడు పిల్లలందరికీ ఆంటీనైపోయాను. అసోసియేషన్ ఫంక్షన్లలో జ్యోతి వెలిగించగానే లైట్లు ఆపమని లేవబోతాను. "మమ్మీ, ప్లీజ్, ఎంబరాస్ చేయకు" అని మా అమ్మాయి కొంగు లాగుతుంది. నవ్వుకుని కూర్చుండిపోతాను గానీ, కాసేపు కళ్లు మాత్రం మూసుకుంటాను.