తాతయ్య డోలక్ పట్టిన ఆదివారం

నా చిన్నప్పుడు మంగళగిరిలో మా ఇంట్లో పగలు మగ్గం చప్పుడు, శనివారం సాయంత్రం మా తాతయ్య మద్దెల చప్పుడు వినపడేవి. నాకు తొమ్మిదేళ్ళు నిండిన ఏడు ఆ రెండూ సద్దుమణిగాయి. యుద్ధం రోజులు. నూలు దొరక్క మగ్గం వారంలో సగం రోజులు ఖాళీగా ఉండేది. మద్దెల ఆగిన కారణం వేరు. ఆ వానాకాలంలో పక్షవాతం మా తాతయ్య ఎడమ చేతిని తాకి పోయింది. మనిషి లేచి తిరిగాడు గాని, ఆ చెయ్యి మాత్రం చెప్పిన మాట కాస్త ఆలస్యంగా వినేది.

కొంచెం కోలుకోగానే ఆయన కొండ కింద గుళ్ళో భజనకు వెళ్ళాడు. నేను పక్కనే కూర్చున్నాను. రెండో కీర్తనలో ఒక దెబ్బ తప్పింది, ఆ వెంటనే ఇంకొకటి. మూడోసారి తప్పేసరికి ఒక కుర్రవాడు వచ్చి, కాస్త విశ్రాంతి తీసుకోమంటూ ఆయన ఒళ్ళోంచి మద్దెల తీసుకున్నాడు. మర్యాదగానే తీసుకున్నాడు. అయినా ఆ క్షణంలో మా తాతయ్య మొహం ఎలా అయిపోయిందో నేనొక్కదాన్నే చూశాను. ఇంటికొచ్చి మద్దెలను పాత దుప్పట్లో చుట్టించి అటకెక్కించాడు. ఆ తర్వాత ఆయనకు మాట తగ్గింది, తిండి తగ్గింది. పిలిస్తే పలికేవాడు, అంతే.

మా పక్కింటి అక్క ధర్మాసుపత్రిలో నర్సు. వాళ్ళు క్రైస్తవులు. రోజూ డ్యూటీ దిగి వచ్చాక తాతయ్య చేతికి నూనె రాసి, వేళ్ళు ఒక్కొక్కటే వంచి చాపేది. "మీరూ కదపాలండీ తాతగారూ. నేనొక్కదాన్నే కదిపితే ఎలా?" అనేది. ఆయన మొహం గోడ వైపు తిప్పుకునేవాడు.

ఒక శనివారం ఆమె నూనె గిన్నె పక్కన పెట్టి, చాలా దిగులుగా మొహం పెట్టింది.

"తాతగారూ, మీరు నాకో సాయం చెయ్యాలి. మా ప్రార్థనలో పాట మొదలెడితే ఎవరి దారి వాళ్ళదేనండీ. ఆడవాళ్ళం ముందు పోతాం, మగవాళ్ళు వెనకాల ఎప్పటికో వస్తారు. డోలక్ వాయించే ఆయనకి ఒక్కటే వరస వచ్చు. రేపు ఒక్కసారి వచ్చి కూచుని, ఎక్కడ తప్పుతున్నామో చెప్పండి చాలు. మీరేం వాయించక్కర్లేదు."

నాయనమ్మ వంటింటి గుమ్మంలోంచే అడ్డుపడింది. అక్కడ నెత్తిన నీళ్ళు చల్లుతారట, ఏం చేస్తారో ఏమో, వీధిలో వాళ్ళేమనుకుంటారు అంది. అక్కకు కోపం రాలేదు.

"నీళ్ళూ చల్లరు, పేర్లూ మార్చరు మామ్మగారూ. చెప్పులు బయట విడిచి చాప మీద కూచోవడమే. పాడాలనిపిస్తే పాడొచ్చు, లేకపోతే వినొచ్చు. మధ్యలో లేచి వచ్చేసినా ఎవరూ ఏమీ అనుకోరు. ప్రార్థనప్పుడు మేం కళ్ళు మూసుకుంటాం. మీవాళ్ళు మూసుకోకపోయినా చూసేదెవరు, అందరివీ మూసుకునే ఉంటాయి గదా!"

మర్నాడు పొద్దున తాతయ్య ఉతికిన పంచె కట్టుకుని నన్ను పిలిచి, నా భుజం మీద చెయ్యేశాడు.

నేను పెద్ద గంటా, ఎత్తయిన గోడలూ ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే ఊరవతల పొలం గట్టు పక్కన తాటాకు పాక. నడుమెత్తు మట్టిగోడలు, అలికిన నేల. కూలిపనులు చేసుకునేవాళ్ళు, రైలుగేటు కాపలా ఆయనా ఆయన సంసారం, ఒక బడిపంతులు కూర్చుని ఉన్నారు. ప్రసంగం చెప్పే అయ్యగారు కూడా చాప మీదే. ఒక ముసలమ్మ జరిగి మాకు చోటిచ్చి, తన విసనకర్ర నా చేతిలో పెట్టింది. మీరెవరు, ఎందుకొచ్చారు అని ఒక్కరూ అడగలేదు.

అయ్యగారు చిన్న కథలా నాలుగు మాటలు చెప్పారు. తర్వాత ఎవరికి తోచినప్పుడు వాళ్ళు లేచి తమ సంగతి చెప్పుకున్నారు. ఒకామె తన గేదె సుఖంగా ఈనిందని దేవుడికి వందనాలు చెబితే, పాకంతా తమ గేదే ఈనినంత సంబరపడింది. ప్రార్థనలో నేను ఉండబట్టలేక కళ్ళు తెరిచాను. గేటు కాపలా ఆయన కూతురు కూడా కళ్ళు తెరుచుకుని నన్నే చూస్తోంది. ఇద్దరం గబుక్కున మూసుకున్నాం.

అప్పుడు పాట ఎత్తుకున్నారు. తాతయ్య తల పైకెత్తాడు. "ఇది ఆది తాళమేనే!" అన్నాడు నా చెవిలో. మాటలు ఆయనకు కొత్త, నడక మాత్రం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలిసిందే. కాని అక్క చెప్పింది నిజం. ఆడవాళ్ళు పరుగెత్తారు, మగవాళ్ళు ఈడ్చుకొచ్చారు. డోలక్ ముందు కూర్చున్న పాలేరు చెమటలు కక్కుతూ ఒకటే వరస బాదుతున్నాడు. తాతయ్య కుడి చెయ్యి మోకాలి మీద తాళం వేస్తోంది. పళ్ళు బిగించాడు. రెండో చరణం దాకా ఓర్చుకున్నాడు.

"ఆపండయ్యా! ఆ డోలక్ ఇటియ్యి!"

పాట ఆగిపోయింది. నేను తాతయ్య పంచె పట్టుకుని వెనక్కి లాగాను. ఆ పాలేరు మాత్రం డోలక్ ఎత్తుకుని పరుగున వచ్చి, "పుచ్చుకోండి బాబూ, నన్ను బతికించారు" అంటూ తాతయ్య ఒళ్ళో పెట్టాడు. అందరూ గొల్లున నవ్వారు.

పాట మళ్ళీ మొదలైంది. కుడి చెయ్యి పాత రోజుల్లోలాగే పలికింది. ఎడమ చెయ్యి ఒకసారి అందుకుంది, ఒకసారి అందుకోలేదు. మళ్ళీ తప్పింది. ఇప్పుడెవరో లేచి వస్తారు, డోలక్ తీసుకుంటారు అనుకుంటూ నేను చుట్టూ చూశాను. ఎవరూ లేవలేదు. అక్క తాతయ్య చేతినే చూస్తూ, ఎడమ దెబ్బ పడవలసిన చోట చప్పట చరిచింది. నా పక్కన ముసలమ్మ అందుకుంది. గేటు కాపలా ఆయన అందుకున్నాడు. మరో చరణానికి పాకలో ఉన్నవాళ్ళంతా అందుకున్నారు. కుడి దెబ్బ మా తాతయ్యది, ఎడమ దెబ్బ వాళ్ళందరిదీ. ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒక్క గొంతయ్యారు. తాటాకులు అదిరాయి. దారిన పోయే బండ్లు ఆగాయి. మా తాతయ్య, నెలల తరబడి గోడను చూస్తూ కూర్చున్న మనిషి, తల ఊపుతూ "ఊఁ! ఇంకా! ఇంకా!" అని వాళ్ళందరినీ గదమాయిస్తున్నాడు. నేను అరచేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టాను.

ఇంటికి రాగానే మద్దెల దింపమన్నాడు. నాయనమ్మ కళ్ళు తుడుచుకుంటూ తనే నిచ్చెన వేసింది. ఆ రోజు నుంచి పొద్దున్నా సాయంత్రమూ ఎడమ చేతికి సాధకం. వచ్చిన శనివారం మద్దెల నా చేత మోయించుకుని గుడికి వెళ్ళి, మధ్యలో కూర్చుని, అందరూ వినేలా చెప్పాడు.

"నా ఎడం చెయ్యి ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంది. అక్కడ మీరు చప్పట్లు తట్టండి. అంతేగాని నా ఒళ్ళో మద్దెల మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు!"

మొదట తట్టింది ఆనాటి ఆ కుర్రవాడే. ఆ రాత్రి కొండ కింద భజన అంత జోరుగా సాగడం నేనెన్నడూ వినలేదు. ఆ పైన ఏడేళ్ళు మా తాతయ్య శనివారం గుళ్ళో, ఆదివారం పాకలో వాయించాడు.

కొంత పెద్దదాన్నయ్యాక అక్కను అడిగాను, తాతయ్యను రప్పించడానికే అలా నాటకమాడారా అని. ఆమె నవ్వింది. "పిలిచినప్పుడు సగం నాటకమేనే. ఆయన వాయించాక తెలిసింది, అన్నాళ్ళూ మాకు నిజంగానే తాళం లేదని."

అప్పటి నుంచి, మనసు చితికి కూర్చున్న మనిషి ఎదురైతే నేను ఓదార్పు మాటలు వెతకను. ఆ మనిషికి బాగా వచ్చిన పని ఏమిటో కనుక్కుని, కాస్త నాకు చేసిపెట్టమని అడుగుతాను. వాళ్ళ చెయ్యి ఆలస్యమైన చోట నా చెయ్యి కలుపుతాను. ఎనభై దాటిన ఈ వయసులో కూడా ఆ ఉపాయం నన్ను ఒక్కసారీ ఓడనివ్వలేదు.