ఉప్పు చూసే నెపం

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఇరవై రెండేళ్లుగా వంట చేస్తున్న ఆయన్ను మందిరంలో అందరూ గరిటన్న అంటారు. మాటకారి. పొగిడితే కాస్త ఉబ్బిపోయే రకం. ఆ ఏడాది ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలు మొదలవబోతుండగా పాస్టరుగారు ఒక మాట చెప్పారు: ఎవరింట్లో వాళ్లు కాకుండా, ఈ నలభై రోజులూ సంఘమంతా కలిసి ఉపవాసం ఉందాం, పొద్దు వాలాక మందిరంలోనే కలిసి భోంచేద్దాం. పిల్లలకూ, మందులు వాడేవాళ్లకూ మినహాయింపు. ఒప్పుకున్నవాళ్లలో గరిటన్నే మొదటివాడు.

నాలుగు రోజులు నిష్ఠగానే ఉన్నాడు. ఐదో రోజు మూడు వందలమందికి వండిన కూర ఉప్పు చూడక తప్పలేదు. నాలుక మీద చుక్క వేసుకున్నాడు. మర్నాడు గరిటెడు. వారం తిరిగేసరికి స్టోరుగదిలో బస్తాల వెనక నిలబడి గిన్నెడు తింటున్నాడు. ఉప్పు చూశానంతే అని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు. సాయంత్రం మూతి కడుక్కుని, నీరసంగా మొహం పెట్టి అందరితో పాటు పంక్తిలో కూర్చునేవాడు.

రెండో ఆదివారం పాస్టరుగారు ఆయన్ను సంఘం ముందు నిలబడి తన అనుభవం సాక్ష్యంగా చెప్పమన్నారు.

"పొద్దస్తమానం పొయ్యి ముందే ఉంటాను. కూరల వాసనకు ప్రాణం లాగేస్తుంది. అయినా ప్రభువు దయవల్ల మెతుకు ముట్టలేదు," అన్నాడు. ఆ ఆఖరి మాట అనాలని అనుకోలేదు. అందరూ అలా చూస్తుంటే నోటికి వచ్చేసింది.

ముందు వరుసలో లెక్కల టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. రిటైరై ఒంటరిగా ఉంటోంది, షుగరు మనిషి. మర్నాటి నుంచి ఎవరికీ చెప్పకుండా ఆమె కూడా ఉపవాసం పట్టింది. ఐదో సాయంత్రం మందిరం మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది. లేవదీసిన గరిటన్నతో, "పొయ్యి దగ్గరుండీ నువ్వు ఉపవాసం ఉండగా లేంది, నేను..." అని గొణిగింది.

రెండు రోజులు తప్పించుకు తిరిగాడు. మూడో రోజు ఆసుపత్రికి వెళ్లాడు.

"టీచరమ్మగారూ, నేను తిన్నానండీ. రోజూ తిన్నాను. అందరికీ అబద్ధం చెప్పాను."

ఆమె చేతి కట్టు మీంచి చూపు ఎత్తింది. "ఎందుకలా చెప్పావు?"

"మెచ్చుకుంటారనండీ."

"వంటవాడు ఉంటే నేనుండలేనా అని నేనూ పంతానికి పోయాను. నా తప్పు నాది. అంతమాత్రాన నీది తగ్గదు."

"తగ్గదండీ."

"అయితే మందిరంలోనూ చెప్పు. నా ఒక్కదాని చెవిలో వేసి చేతులు దులుపుకోకు."

ఆదివారం నిలబడి చెప్పాడు. ఆడవాళ్ల వైపు ఆయన భార్య తలదించుకుంది. తిట్టినా అంత బాధనిపించేది కాదు. పాస్టరుగారు, "టీచరమ్మ చెయ్యి కూడుకునేదాకా మధ్యాహ్నం ఆమెకు అన్నం ఎవరు చూస్తారు?" అని అడిగారు.

"నేను చూస్తానండీ," అన్నాడు గరిటన్న నేల చూపులతో.

రోజూ అరగంట సెలవడిగి ఆమె ఇంటికి వెళ్లేవాడు. అన్నం కలిపి, చెంచా ఎడమ చేతికి అందించేవాడు. "నా ఎదురుగా నువ్వూ తిను. దాక్కుని తినే బుద్ధి పోతుంది," అనేది ఆమె. తినేవాడు.

ఈస్టరు ముందు కట్టు విప్పారు. మణికట్టు ఇక పూర్తిగా వంగదట. ఆ మాట ఆమె వాతావరణం గురించి చెప్పినట్టు తేలిగ్గా చెప్పింది. గరిటన్న పళ్లేలు కడిగి బోర్లించి, కుళాయి కట్టేసి, "రేపూ ఇదే వేళకు వస్తానండీ," అన్నాడు.