టాక్సీ ఇంజను, సాబ్ సీటు

బండి బాగుచేయమని మా బాపు నన్ను ఎన్నడూ అడగలేదు. ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను. తర్వాత పడ్డ తిప్పలన్నీ నేను చేజేతులా తెచ్చిపెట్టుకున్నవే.

బాపు హుస్సేనీ ఆలంలో ఒక దేవిడీలో ముప్పై ఏళ్లు డ్రైవరుగా చేశాడు. దేవిడీ అంటే నవాబుల పెద్ద ఇల్లు. నాకు ఊహ తెలిసేనాటికే దాని గోడలు సగం కూలి, మిగిలిన సగంలో అన్నదమ్ములు కొట్లాడుకుంటున్నారు. అక్కడి చిన్న నవాబుకు ఒక విలాయతీ స్పోర్ట్స్ కారు ఉండేది. రెండే సీట్లు, పైన కప్పు లేదు, పొడుగాటి ముక్కు, ముదురాకుపచ్చ రంగు. ఆయనకు వేగం ఇష్టం గాని నడపడం ఇష్టం లేదు. కుడివైపు బాపు స్టీరింగు పట్టుకుంటే, ఎడమవైపు సాబ్ సిగరెట్ డబ్బా పట్టుకుని కూర్చునేవాడు. పంపకాలప్పుడు, అప్పటికే నడవకుండా పోయిన ఆ కారు ఎవరికీ అక్కరలేకపోయింది. చిన్న నవాబు దాన్ని బాపుకు ఇనాముగా ఇచ్చేశాడు.

ఎద్దుల బండికి తాడు కట్టి ఛత్రినాకలోని మా ఇంటికి లాక్కొచ్చాం. మా వాకిట్లో నల్లాకూ బట్టలుతికే బండకూ నడుమ అది పన్నెండేళ్లు టార్పాలిన్ కప్పుకుని కూర్చుంది. బిందె నిండిన ప్రతిసారీ అమ్మ దాని చుట్టూ తిరిగి రావాలి. తిరిగిన ప్రతిసారీ ఆ బండినీ, ఇచ్చినవాణ్నీ, తెచ్చినవాణ్నీ కలిపి తిట్టేది.

బాపు మాత్రం ప్రతి శుక్రవారం టార్పాలిన్ తీసి బండిని తుడిచేవాడు. ఎడమ సీటును బయట నిలబడే, నడుం వంచి తుడిచి, పైన తెల్లబట్ట కప్పేవాడు. బండి వచ్చిన కొత్తలో, నేను పదో తరగతి చదువుతున్నప్పుడు, ఒకసారి ఆ సీట్లో కూర్చుంటే నా చెంప పగలగొట్టాడు. బాపు నన్ను కొట్టింది జన్మలో ఆ ఒక్కసారే. దెబ్బ గుర్తుండిపోయింది గాని, దాని వెనుక ఉన్న సంగతి నా బుర్రకెక్కలేదు.

ఎనభైల మొదట్లో బాపుకు చూపు తగ్గడం మొదలైంది. కంటి నరం ఎండిపోతున్నదనీ, పోయిన చూపు ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదనీ, ఉన్నది మహా అయితే ఏడాదీ ఏడాదిన్నర నిలుస్తుందనీ డాక్టరు చెప్పాడు. బాపు "మంచిది సారు" అని దండం పెట్టి, గోడ పట్టుకోకుండా నడిచి బయటికొచ్చాడు. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ నేను నిశ్చయించుకున్నాను. కళ్లు పనిచేస్తుండగానే బాపును ఆ బండిలో కూర్చోబెట్టి ఒక్కసారైనా తిప్పాలి. నేను సర్కారు ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసే టర్నరును. వెంట్రుకలో సగం తేడా వచ్చినా ముక్కను పక్కన పారేసే పని మాది. ఇంజన్ ఎంతలే అనుకున్నాను.

ఇక్కడ ఉస్తాద్ గురించి చెప్పాలి. చెప్పాలంటేనే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. హుస్సేనీ ఆలం గల్లీలో ఆయనకో మెకానిక్ షెడ్డు, దేవిడీ కార్లన్నీ ఒకప్పుడు ఆయన చేతుల మీదుగా పోయినవే. వచ్చి, బానెట్ ఎత్తి, ఇంజన్ బ్లాకు మీది పగులులో బొటనవేలి గోరు పెట్టి చూశాడు.

"ఏ మర్ గయా భాయ్, ఇంజన్ ఖతం. దీని సామాన్ గిప్పుడు విలాయత్‌ల గూడ దొరకది. టాక్సీ ఇంజన్ పెడదాం. కబాడీల, పాత ఇనుపసామాన్ల నడుమ ఒకటి పడున్నది, కొత్త మాల్. గుద్దుకొని బాడీ రొట్టె అయింది గాని ఇంజన్‌కు ఏం కాలే. ఆఠ్ దిన్ కా కామ్."

ఎనిమిది రోజుల పని. పద్నాలుగు నెలలు పట్టింది.

ఆ ఇంజన్ ఈ బండి ముక్కులో పడుతుందా లేదా అన్నది మొదటి ప్రశ్న. "నువ్వు ఇంట్ల బండి లోపల ఎన్ని జానలున్నదో చూడు, నేను కబాడీకి పోయి ఇంజన్ చూస్త" అన్నాడు ఉస్తాద్. నేను చూశాను. మూడు జానల మీద బెత్తెడు. ఆయన చూశాడు. ఇంజన్ సరిగ్గా మూడు జానలు. "బెత్తెడు ఖాళీ ఉన్నది భాయ్, మస్తు!" అని వీపు చరిచాడు. ఇంజన్ కొన్నాం, రిక్షా బండి మీద తెచ్చాం, వాకిట్లో మూడు వాసాలు నిలబెట్టి గొలుసు కప్పీతో వేలాడదీసి దించాం. సగం దిగి ఆగిపోయింది. ముందరి ఫ్యాను రెండు వేళ్ల మేర రేడియేటర్‌లోకి పొడుచుకుపోతోంది.

అప్పుడు గాని నాకు వెలగలేదు. ఉస్తాద్ చెయ్యి పట్టుకుని నా చేతికి ఆనించి చూశాను. ఆయనది చేటంత చెయ్యి. జానకు రెండు వేళ్ల తేడా. మూడు జానలకు ఆరు వేళ్లు; బెత్తెడంటే నాలుగే. బండిని నా చేత్తో కొలిచాం, ఇంజన్‌ను ఆయన చేత్తో కొలిచాం. అరుగు మీద కూర్చున్న బాపు అంతా విని నోరు తెరిచాడు.

"ఫ్యాక్టరీల మైక్రోమీటర్ పడుతవు గదరా. ఇంటికొచ్చి జానతోని కొలిచినవా?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఉస్తాద్ మాత్రం "రెండు వేళ్లే గద బాపూ, ఫికర్ ఎందుకు" అని రేకు కోసే హాక్సా తీశాడు.

ఇంజన్‌ను వెనక్కి జరపాలంటే కాళ్ల దగ్గరి రేకు కోయాలి. రేకు కోశాక పెడళ్లకు చోటు లేదు. పెడళ్లు పక్కకు జరిపితే స్టీరింగు రాడ్డు కాస్త వంగింది. రాడ్డు తిన్నగా చేస్తే సైలెన్సర్ గొట్టం దానికి రాసుకుంటోంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు తయారైంది వ్యవహారం. గొట్టంలో ఇసుక దట్టించి, ఎర్రగా కాల్చి వంచాం. మొదటి గొట్టం పగిలింది, రెండోది ఎటు వంగాలో అటు కాక ఇటు వంగింది. రేకు మీద హాక్సా కరకరలాడిన ప్రతిసారీ బాపు లేచి లోపలికి వెళ్లి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఎవరి కోసం ఈ చాకిరీ అంతా, కనీసం ఒక్క మంచి మాట అనకూడదా అని నాకు మండిపోయేది.

ఈ నడుమ ఉస్తాద్ మాయమయ్యేవాడు. రంజాన్ నెల అనీ, బామ్మర్ది పెళ్లి అనీ, నడుం పట్టిందనీ. షెడ్డుకు వెళ్తే చాయ్ తాగించి "కల్ పక్కా", అంటే రేపు ఖాయం, అనేవాడు. ఎన్ని "కల్"లు దాటాయో నాకు తెలియదు. బాపు మాత్రం కంచంలో కూర ఏవైపు ఉందో వేళ్లతో తడుముకోవడం మొదలుపెట్టాడు. అది చూసి నేను పరుగెత్తుకెళ్లి మళ్లీ ఉస్తాద్ షెడ్డు ముందు నిలబడేవాణ్ని.

పాత గేర్‌బాక్సుకూ కొత్త ఇంజన్‌కూ అతికే ప్లేటు నేనే చేశాను, పక్క గల్లీ లేత్ షాపులో, మూడు ఆదివారాలు. అది మొదటిసారికే పడింది. ఈ మొత్తం కథలో మొదటిసారికే పడిన వస్తువు అదొక్కటే.

అంతా బిగించాక బానెట్ మూతపడలేదు. కార్బురేటర్ మూత నాలుగు వేళ్లు పైకి పొడుచుకొచ్చింది. "బానెట్‌కు రంధ్రం కొట్టి, మీద ఒక గంజు బోర్లిద్దాం" అన్నాడు ఉస్తాద్. వెటకారమనుకున్నాను, కాదు. అట్టముక్క మీద కొలత గీసుకుని (ఈసారి స్కేలుతో) బేగంబజార్ వెళ్లాను. గిన్నెల హోల్‌సేల్ కొట్టు సేటు అట్టముక్క అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎన్ని డజన్లు గావాలె? పెండ్లికా?"

"ఒక్కటే సేటూ. కారుకు."

సేటు గుమాస్తాను పిలిచి మరీ నన్ను చూపించాడు. ఒక్కటైతే అమ్మేది లేదన్నారు. నాలుగు కొట్లలో నవ్వులపాలయ్యాక, అయిదో కొట్లో నొక్కుపడిన స్టీలు గంజు ఒకటి విడిగా ఇచ్చారు. ఇంటికి తెస్తే అమ్మ దాన్ని వేలితో కొట్టి చూసి, "మంచి గంజు. పప్పుకు పనికొస్తుండె" అంది. ఉస్తాద్ దాన్ని బోర్లించి రివెట్లు కొట్టి, ఆకుపచ్చ రంగు పూశాడు. దూరం నుంచి చూస్తే విలాయతీ బండికి బొడిపె లేచినట్టుంది.

ఇంజన్ స్టార్ట్ చేసిన రోజు అమ్మ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. ఉస్తాద్ బిస్మిల్లా అని తాళం తిప్పాడు. మూడోసారికి అందుకుంది. వాకిలంతా పొగ. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. బాపు అరుగు మీద తల వంచుకుని విన్నాడు.

"టాక్సీ," అన్నాడు.

"ఇంజన్ టాక్సీదే గద బాపూ."

"గదే అంటున్న. నాంపల్లి స్టేషన్‌ల నిలబడ్డట్టున్నది."

విసురుగా ఇంజన్ కట్టేశాను.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే తలంటుకుని తెల్లచొక్కా వేసుకున్నాను. బాపు దేవిడీ నాటి ఖాకీ కోటు తొడుక్కుని వచ్చాడు. అది చూడగానే నా కోపం సగం కరిగింది. గేటు బార్లా తీసి, ఎడమ సీటు మీది తెల్లబట్ట తీసేసి, కుడివైపు ఎక్కి కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేశాను. బాపు బండిని తడుముకుంటూ ఎడమవైపు వచ్చి, తలుపు తీసి, పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కుతాడని చూస్తున్నాను. ఎక్కలేదు.

"కూసో బాపూ."

"అది సాబ్ సీటు."

"సాబ్ పోయి పదేండ్లయింది!"

"సాబ్ పోయిండు. సీటు పోయిందా?"

బాపు గొంతు మెత్తబడింది. "గా సీట్ల డ్రైవర్ కూసుండడురా. ముప్పై ఏండ్లల ఒక్కనాడు కూసోలే. నువ్వు దిగి ఇటు రా. నువ్వు కూసో, నేను నడుపుత." అని తలుపును ఇంకాస్త వెడల్పుగా తెరిచాడు. నా కోసం. నా కన్నతండ్రి, కోటు గుండీలన్నీ పెట్టుకుని, నాకు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

నాకు పిచ్చి లేచింది. బండి దిగి వాకిట్లోనే అరిచాను. పద్నాలుగు నెలలు, ఆదివారమన్నది లేదు, బేగంబజార్‌లో నవ్వించుకున్నాను, ఇంజన్ కొలిచాను, రేడియేటర్ కొలిచాను, గంజు కూడా కొలిచాను! నువ్వు ఎక్కడ కూర్చుంటావన్న ఒక్కమాట అడగడానికి నాకు నోరు లేదా, చెప్పడానికి నీకు నోరు లేదా? కళ్లు కనబడకుండా బండి నడుపుతావా? అరుస్తూ అరుస్తూనే తెలుస్తోంది, తప్పు నాదేనని. చిన్నప్పుడే చెంప మీద కొట్టి చెప్పాడు కదా.

అమ్మ చీపురు పక్కన పడేసి వచ్చింది. "మీ తండ్రీకొడుకుల లొల్లి గల్లీ అంతా ఇనబడుతున్నది. జరుగుండ్రి," అంది. చెప్పులు గడప దగ్గర విడిచినట్టు బండి పక్కన విడిచి, కొంగు దగ్గరికి లాక్కుని, ఎడమ సీట్లో కూర్చుంది. ముప్పై ఏళ్లు డ్రైవరు పెళ్లాం. అంతకుముందు ఏ కారులోనూ ఎక్కలేదు.

బాపు తలుపు చప్పుడు కాకుండా వేసి, బానెట్ అంచు పట్టుకుని, గంజును తడిమి, కుడివైపుకు వచ్చి కూర్చున్నాడు. క్లచ్చు రెండుసార్లు తొక్కి చూసుకున్నాడు.

"నువ్వు ముంగట నడువు," అన్నాడు నాతో. "నీ తెల్ల అంగి కండ్లకు ఆనుతున్నది. దాని వెంబడి వస్త."

అట్లా మా బండి బయలుదేరింది. ముందు నేను నడుస్తున్నాను, కోళ్లను అదిలిస్తూ, జరగండి జరగండి అని అరుస్తూ. వెనుక మొదటి గేరులో బాపు. నేను ఆగితే మూరెడు దూరంలో ఆగుతున్నాడు, మళ్లీ నడిస్తే కదులుతున్నాడు. నేను పెట్టిన ఇంజన్ నా వీపు వెనుకే గురగురలాడుతోంది, నేను కాలినడకన పోతున్నాను. రేషన్ దుకాణం ముందు ఖాళీ జాగాలో, "కుడికి, ఇంకా కుడికి" అని నేను వెనక్కి నడుస్తుంటే, బాపు ఒక్క చుట్టులో బండి తిప్పాడు. ఏడుపొచ్చింది. చొక్కా చేతితో తుడుచుకుని మళ్లీ ముందుకు తిరిగాను.

ఆ ఏడు దసరా నాటికి బాపుకు తెల్ల అంగి కూడా ఆనలేదు. కాని ఆ ఆదివారం మాత్రం ఇంటి ముందు బండిని గీత గీసినట్టు ఆపాడు. ఇంజన్ ఆపకుండానే దిగి, చుట్టూ వచ్చి, అమ్మ వైపు తలుపు తీసి నిలబడ్డాడు. చెప్పులు వాకిట్లో విడిచినచోటే ఉన్నాయి. అమ్మ దిగలేదు. ఎదురుగా చూస్తూ కూర్చుంది.

"ఇంకొక్క సుట్టు నడువు బిడ్డా," అంది నాతో.

బాపు తలుపు వేశాడు. నేను మళ్లీ వెళ్లి ముందు నిలబడ్డాను.