కుప్పం దాకా ‘బాగున్నాను’ అనకుండా

మదనపల్లెవాళ్లు కుప్పం పోయేది పెళ్లికో, పంచాయితీకో. నేను పోయింది మాత్రం నా కుడి మోకాలు వంగదని ఒక డాక్టరుగారికి చూపించి రావడానికి. మీలో ఎవరికైనా అలాంటి పని పడితే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

యుద్ధంలో నేను పటాలం లారీ తోలాను. అస్సాం కొండల్లో లారీ బోల్తా పడి మోకాలు బిగుసుకుపోయింది. సర్కారు పింఛను ఇచ్చింది. పోయిన ఏడు మళ్లీ పరీక్షకు పిలిచారు. డాక్టరుగారు “ఎట్లా ఉన్నావు?” అని అడిగారు. మేము మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో పుట్టి పెరిగినవాళ్లం. పెద్దవాళ్లు ఆ మాట అడిగితే ఏం చెప్పాలో మాకు ఉగ్గుపాలతోనే నేర్పిస్తారు. “దేవుని దయవల్ల బాగున్నాను సార్” అన్నాను. ఆయన సంతోషించి అలాగే రాసుకున్నారు. పింఛను సగానికి తెగింది.

అప్పీలు పెట్టుకున్నాను. ఆ తర్వాత నెలల తరబడి నాకు అన్నం సహించలేదు. టపా మనిషి మా వీధి మలుపు తిరిగితే చాలు, నేను వాకిట్లో నిలబడేవాణ్ణి కాదు. పెరట్లోకి పోయి, అవసరం ఉన్నా లేకపోయినా కట్టెలు కొట్టేవాణ్ణి. ఇంట్లో కట్టెల గుట్ట చూరును తాకింది. “ఇది సూసినోడు నీకు పింఛనిస్తాడా?” అని నా భార్య రూతమ్మ గొడ్డలి దాచేసింది. చివరికి కుప్పంలో హాజరు కమ్మని కబురు వచ్చింది.

రూతమ్మ నాతో బయలుదేరింది, ఒక షరతు మీద. ‘బాగున్నాను’ అనే మాట నా నోట్లోంచి వచ్చినప్పుడల్లా ఆమె గిచ్చుతుంది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చేతులవి. పింఛను తెగిన నాటి నుంచి మా పొయ్యి వెలుగుతున్నది వాటివల్లే. వాటి బలం నాకు తెలుసు.

తెల్లవారకముందే బస్సు దగ్గరికి చేరాం. బొగ్గు మంటతో నడిచే బస్సు. పొయ్యి రాజుకునేదాకా కదలదు. ఇంతలో పొద్దుటి నడకకు వచ్చిన మా పాస్టరుగారు “బాగుండావా దేవదానం?” అని పలకరించారు.

“దేవుని దయవల్ల... అమ్మా!” అన్నాను. అదేదో కొత్త రకం ప్రార్థన అనుకుని ఆయన ఆమెన్ చెప్పి పోయారు.

బస్సెక్కి కూర్చుంటే నా కాలు దారికి అడ్డంగా నిలిచింది. “కాలు మడుసుకోప్పా,” అన్నాడు కండక్టరు.

“మడుసుకోను వస్తే కుప్పం యాల పోతానప్పా?” అన్నాను.

పుంగనూరులో బస్సు చాలాసేపు ఆగింది. ఇడ్లీలు తినండి, కాఫీ మాత్రం తాగకండి. ధరలు రాయను, మీరు పోయేనాటికి ఎలాగూ మారిపోతాయి. అక్కడ సోమల నుంచి వచ్చిన ఒక అవ్వ గంపలో కోడిపెట్టతో ఎక్కింది. కుప్పంలో కూతురికి కాన్పయిందట. ఎదుటి సీట్లో కూర్చుని, చాపిన నా కాలి మీద గంప పెట్టేసింది.

“బల్ల మాదిరి బాగుండాదే. యాడికి పోతాండావు నాయనా?”

రూతమ్మ కథంతా చెప్పింది. అంతా విని అవ్వ నవ్వలేదు. “మర్యాద సెప్పినందుకు కూడు కోసేసినారా!” అంది.

పుంగనూరు దాటాక గుట్ట ఎక్కుడు దగ్గర బస్సు నిలిచిపోయింది. మగవాళ్లంతా దిగి తోయాలి. దిగుతూ ఒకాయన నా వైపు చూసి, “ఈ లావు మనిసికి ఏమొచ్చిందంట?” అన్నాడు.

“ఆయప్ప కాలు సర్కారోళ్లది. దాన్ని ముట్టుకోబాకండి. మీ కాళ్లతో మీరు తొయ్యండి,” అంది అవ్వ.

తోసి అలసి వచ్చినవాళ్లకు నా సంగతి తెలిసిపోయింది. ఇక నన్ను తయారుచేసే పని బస్సంతా మీదేసుకుంది. ఒకరి తర్వాత ఒకరు నేను ఏమరుపాటున ఉన్నప్పుడు “బాగుండావా అప్పా?” అంటారు. నేను “దేవుని దయవల్ల...” అంటాను. రూతమ్మ గిచ్చుతుంది. పలమనేరు వచ్చేసరికి నా ఎడమ చెయ్యి వంకాయ రంగు తిరిగింది. ఈ చేతికి కూడా పింఛను అడగమన్నాడు కండక్టరు.

చీకటి పడుతుండగా కుప్పం చేరి సత్రంలో దిగాం. తెచ్చుకున్న సంకటిని చెనక్కాయల ఊరుబిండి నంజుకుని తిన్నాం. నాకు నిద్ర పట్టలేదు. రూతమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. హాయిగా నిద్రపోతోందే అని అసూయపడ్డాను.

పొద్దున ముసాఫిరు బంగళాలో పరీక్ష. భార్యను మెట్ల దగ్గరే ఆపేశారు. లోపల డాక్టరుగారు వేరే ఆయన, నెమ్మదైన మనిషి. తలెత్తి, “ఎట్లా ఉన్నావయ్యా?” అన్నారు.

మాట పెదవుల దాకా వచ్చేసింది. గిచ్చేవాళ్లు లేరు. నన్ను నేనే గిచ్చుకున్నాను.

“బాగలేను సార్,” అన్నాను. ఆ ఒక్క మాట బయటపడ్డాక మిగతావి వాటంతటవే వచ్చాయి. గొంతుక్కూర్చోలేను, లారీ ఎక్కలేను, పని ఇచ్చేవాళ్లు లేరు, టపా మనిషిని చూస్తే వణుకు పుడుతుంది. ఇదంతా నేను అంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆయన మోకాలు వంచి చూశారు. అది వంగలేదు. “మరి పోయినసారి బాగున్నానన్నావే?”

“అది మర్యాద సార్.”

ఆయన కళ్లజోడు తీసి నవ్వారు. “బాగుపడలేదనే రాస్తాను. ఆర్డరు పైనుంచి టపాలో వస్తుంది,” అన్నారు. మళ్లీ టపానే!

అదే బస్సులో తిరుగు ప్రయాణం. చూస్తే అవ్వ, ఆమె ఒళ్లో అదే కోడి! “అల్లుడితో ఒక రాత్తిరి సాలు నాయనా. ఈ పెట్టను వానికి పెట్టేది లేదు,” అంటూ గంపను నా కాలి మీదికి చేర్చింది. కండక్టరు అందరికీ కథ చాటేసరికి, నా జవాబు విని బస్సంతా ఈలలు వేసింది.

సందడి తగ్గాక అవ్వ రూతమ్మ ముఖంలోకి చూసింది. “నువ్వు బాగుండావా అమ్మా?”

“దేవుని దయవల్ల బాగుండానవ్వా,” అంది రూతమ్మ.

నేను ఆమె చెయ్యి పట్టుకుని గిచ్చాను, మెల్లగానే. కోపంగా నా వైపు తిరిగింది. నేను చెయ్యి వదల్లేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

“బాగలేను,” అంది. “ఉతికే సోడా నీళ్లకు సేతి ఏళ్లన్నీ పగిలిపోయినాయి. నీకు నిద్ర పట్టేదాకా నాకు పట్టదు. గోడ తట్టు తిరిగి పండుకుంటా, అంతే. టపా మనిసి వస్తే నువ్వు పెరట్లోకి పోతావు. వాకిట్లో నిలబడేది నేను.”

నాకు సిగ్గేసింది. అవ్వ గంపను నా కాలి మీద నుంచి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. రూతమ్మ నా భుజం మీద తల పెట్టి నిజంగానే నిద్రపోయింది.

ఆర్డరు ఇంకా రాలేదు. టపా వేళకు వాకిట్లో ఇప్పుడు నేను నిలబడుతున్నాను. గొడ్డలి ఎక్కడ దాచిందో మాత్రం ఆమె ఇంకా చెప్పలేదు.